ముప్పై ఆరో నంబరు బెల్టు

ఆ కత్తుల షెడ్డులో ఆవిడని అందరూ రవ్వలక్క అనేవాళ్లు. పద్దెనిమిదేళ్లుగా, గరుకు పట్టీ తిప్పి ఉక్కును అరగదీసే బెల్టు మిషను ముందు ఆవిడే. షెడ్డు బావగారిది, అంటే సొంత అక్క మొగుడిది. అయితే మాత్రం? చుట్టరికం చూసి కాదు, చేతి పనితనం చూసి ఇచ్చారు ఆ పని. ఎవరైనా కాదంటే కొట్లాటకి దిగేది.

బెల్టులు కొనడానికీ ఆవిడే వెళ్లేది. అంకె తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ. ముడి అలుగును, అంటే ఇంకా పదును పెట్టని కత్తి రేకును, అరగదీయడానికి ముప్పై ఆరో నంబరు తప్ప ఇంకోటి ముట్టేది కాదు. బెల్టు తిరగేసి అతుకు మీద గోరు నడిపేది. గోరు తట్టుకుందా, "ఇది అలుగు మీద గంతులేస్తుంది, నాకొద్దు నాయనా" అని కొట్టువాడికి తిరిగిచ్చేసేది. చేతులకు తొడుగులు వేసుకునేది కాదు. ఉక్కు వేడి వేలికి తెలియాలి, చురుక్కుమనగానే నీళ్లలో ముంచాలి.

ఈసారి మాంసం కొట్టాయన ఇరవై కత్తులు అడిగాడు. సరిగ్గా అప్పుడే ఆవిడకు జ్వరం. బావగారు తనే వెళ్లి నూట ఇరవై నంబరు నున్న బెల్టులు పట్టుకొచ్చాడు. గరుకుదైతే గీతలు పడతాయట! ఆ గీతలు తర్వాత పోగొట్టొచ్చని ఎవరు చెబితే వింటాడు? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మందపాటి తొడుగులు వేసుకుని నాలుగు కత్తులు రుద్దాడు. నున్న బెల్టు ఉక్కును కోసింది తక్కువ, కాల్చింది ఎక్కువ. వాదర, అంటే తెగే అంచు, నీలానికి తిరిగింది. అంత కాలితే ఉక్కు మెత్తబడుతుంది, నీలానికి తిరిగిన కత్తిని పక్కన పడెయ్యాలి. ఈ మహానుభావుడు పాలిష్ పెట్టి ఆ నీలాన్ని తుడిచేశాడు!

మూడోరోజు వచ్చిన రవ్వలక్కకు ఒక కత్తి పిడి దగ్గర నీలం మరక కనబడనే కనబడింది.

"బావగారూ, ఇవి మెత్తబడ్డాయి. ఇవ్వకూడదు."

"అద్దంలా మెరుస్తుంటే మెత్తబడ్డాయంటావేంటి? రంగు పోయిందిగా!"

"రంగు పోతే రోగం పోయినట్టేనా?"

"చూడమ్మా, నున్న బెల్టుతో చేస్తే చెయ్యి. లేదంటే రేపట్నుంచి డబ్బాలు సర్దుకో. మిషను ముట్టుకోకు."

అంతలో మాంసం కొట్టాయన రానే వచ్చాడు. బావగారు మెరిసే కత్తి చేతికివ్వగానే మురిసిపోయాడు. రవ్వలక్క వాళ్ల అక్క గుమ్మంలోంచి వద్దే వద్దే అన్నట్టు తల ఊపుతోంది. నోరు మూసుకుంటే మిషను దక్కుతుంది, తెరిస్తే పోతుంది. ఆ సంగతి రవ్వలక్కకు తెలుసు. తెలిసే ఒళ్లు మండింది.

"ఒక్కసారి ఇటివ్వండి" అని కత్తి తీసుకుని, వాదరను ఇత్తడి కడ్డీకి ఆనించి నొక్కి లాగింది. వాదర పక్కకు వంగి, తిరిగి నిలబడకుండా అలాగే ఉండిపోయింది.

"చూశారా? పైన పటారం, లోన లొటారం. ఎముక తగిలితే ఇంతే. ఈ నాలుగూ తీసుకెళ్లకండి."

బావగారి మొహం మాడిపోయింది. "కొనేవాడి ముందు నా పరువు తీస్తావా? నీకిక్కడ పని లేదు, ఫో!"

"పోతాలెండి. ఇంకా పదహారు అలుగులున్నాయి. అవి మాత్రం మీ చేతిలో పెట్టి పోను."

నున్న బెల్టు ఊడబెరికి నేలకేసి కొట్టింది. అలమరలోంచి ముప్పై ఆరోది తీసి ఎక్కించి, మిషను ఆన్ చేసింది. మాంసం కొట్టాయన గోడవారన బెంచీ మీద కూర్చున్నాడు. "కానీ అమ్మా, నాకేం తొందర లేదు" అన్నాడు.

బావగారు విసురుగా వచ్చి స్విచ్చు మీద చెయ్యి వేశాడు.

"ఆపండి, చూద్దాం!" అంది రవ్వలక్క, అలుగు మీంచి కళ్లు తిప్పకుండా.

రవ్వలు లేచాయి. బావగారి చెయ్యి స్విచ్చు మీదే ఉంది గానీ, నొక్కలేదు.