గులాబీ రిబ్బనుకు నేను చెప్పిన అర్థం

మా ఆఫీసు ఆరో అంతస్తులో వాష్‌రూములు శుభ్రం చేసే అమ్మ పోయింది. సోమవారం సూపర్‌వైజరు చెప్పాడు. ఏమైందని అడిగితే, "ఏదో జ్వరమంట మేడం" అన్నాడు.

ఆమె ఎలాంటిదో మీకు ఒక్కటి చెబుతాను. మేనేజరు నన్ను నలుగురిలో కడిగేసిన రోజు వాష్‌రూములో దూరి ఏడుస్తుంటే, తలుపు బయట 'నేల తడిగా ఉంది' బోర్డు పెట్టి కాపలా కాసింది. "ఏడువు బిడ్డా, ఎవ్వరూ రారు. లోపల వెట్టుకుంటే మురుగుతది" అంది. కన్నతల్లికి చెప్పని సంగతులు కూడా ఆమెకు చెప్పాను.

రెండేళ్ల కిందట ఒక ఆరోగ్య సంస్థ తరఫున గులాబీ రిబ్బన్లు పంచే పని నా మీద పడింది. వాటి మీద ఆ సంస్థ గుర్తు: రెండు ముదురు గులాబీ వంపులు, మధ్యలో చుక్క. ఆఫీసులో ఒకడు తామర మొగ్గ అన్నాడు, ఇంకొకడు దోసిలి అన్నాడు. వచ్చిన మెయిల్లో మాత్రం 'ఆశ' అని ఉంది. నిజం చెప్పొద్దూ, నాకూ బోధపడలేదు. ఆమె యూనిఫాంకు కూడా ఒక రిబ్బను పెట్టాను.

"రంగు జూస్తే పెండ్లి పత్రిక లెక్కున్నది. గిది ఏం రోగానికి మేడం?"

చుట్టూ మగపిల్లలున్నారు. "ఆడవాళ్ళ ఆరోగ్యానికమ్మా" అన్నాను.

"అంటే ఏంది?"

"అదేనమ్మా... అన్నీ."

మర్నాడు మళ్ళీ వచ్చింది. "గా చుక్క ఏంది మేడం?" మీటింగుంది, తర్వాత చెబుతానన్నాను. చెప్పలేదు. ఆ రిబ్బను మాత్రం ఆమె రంగు వెలిసేదాకా తీయలేదు.

బోరబండలో వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు నన్ను వంటగదిలోకి తీసుకెళ్ళి చెవిలో చెప్పింది. "జ్వరం గాదు మేడం. రొమ్ముల గడ్డ. రెండేండ్ల సంది ఉన్నదంట. సిగ్గుకు ఎవ్వరికీ చెప్పలే. దవాఖానకు పోయేసరికే మించిపోయింది."

రెండేళ్లు! అంటే ఆ రోజు ఆమె రిబ్బను గురించి అడిగిందా, తన గురించి అడిగిందా? ఊరికే అడిగిందేమో. నేను చెబితే వెంటనే దవాఖానకు వెళ్ళేదా? ఏమో! ఎటు తిప్పినా తేలడం లేదు. నా ఏడుపుకు కాపలా కాసిన మనిషికి ఆ రిబ్బను ఈ గడ్డ గురించేనని ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అది మాత్రం నిజం. సిగ్గేస్తోంది.

బయటికొచ్చి ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చున్నాను. పక్కింటామె అడిగింది. "గదేం జ్వరం మేడం? మంచిగనే ఉండె గద."

కూతురి వైపు చూశాను. తల దించుకునే, "చెప్పుండ్రి మేడం" అంది.

గుమ్మం దగ్గర కుర్చీల్లో మగవాళ్ళున్నారు. "జ్వరం కాదండీ. రొమ్ము క్యాన్సర్" అన్నాను, అందరికీ వినబడేటట్టు. "రొమ్ములో గడ్డ."

మగవాళ్ళు తలలు తిప్పుకున్నారు. పక్కింటామె కొంగు నిండుగా కప్పుకుని, నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"గడ్డ నొప్పి లేకున్నా గదేనా మేడం?"

ఆమె చెయ్యి కొంగు కిందే ఉంది.