దోస్తు గొంతు మోసిన ఏళ్లు

మా నాన్నగారు ప్రభుత్వోద్యోగం మీద గుంటూరు వైపు నుంచి వచ్చి పాతబస్తీలోని మొఘల్‌పురాలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. నేను అక్కడే పెరిగాను. తొంభైల చివర్లో డిగ్రీ చదివేటప్పుడు నా పక్క సీటు బార్కస్ నుంచి వచ్చే ఒకతనిది. విదేశీ ర్యాప్ క్యాసెట్లు అరిగిపోయేదాకా వినేవాడు. ఒకరోజు క్యాంటీన్ బల్ల మీద చేత్తో తాళం వేస్తూ, తన గల్లీ గురించి తన ఉర్దూలో ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు. నేను నోరు వెళ్లబెట్టి చూశాను.

"నువ్వు భీ చెప్పు, తెలుగుల," అన్నాడు.

చెప్పాను. పగలబడి నవ్వాడు. "ఏంది భాయ్, రేడియోల వార్తలు చదివినట్టుంది!"

అయినా నన్ను వదల్లేదు. రెండేళ్లు కాలేజీ ఫంక్షన్లలో కలిసి పాడాం. పెళ్లి వీడియోలకు పాటలు కలిపే ఒక చిన్న స్టూడియోలో ఒకే ఒక పాట రికార్డు చేశాం. మొదటి చరణం అతనిది, రెండోది నాది. పాట బయటికి వచ్చిన నాలుగో నెలలో అతనికి మెదడు జ్వరం వచ్చింది. ఐదు రోజుల్లో పోయాడు.

పాటకు పేరొచ్చింది అతను పోయాకే. సెల్‌ఫోన్లు చేతుల్లోకి వచ్చాక ఎవరో మొదటి చరణం వరకు కత్తిరించి వదిలారు. ఇక ఆటోల్లో, ఇరానీ హోటళ్లలో, ఎక్కడ చూసినా అతని గొంతే. నా చరణం ఒకటుందని కూడా జనానికి తెలియదు. నేను కేవలం "ఆయన దోస్తు"ని. నయాపూల్ దగ్గర కోర్టు బయట టైపిస్టుగా కూర్చునేవాణ్ణి. అఫిడవిట్ కోసం వచ్చినవాళ్లు కూడా అడిగేవాళ్లు.

"అన్నా, నువ్వు ఆయన దోస్తువంట గదా? ఒక్కసారి ఆయన లెక్క గా పాట చెప్పరాదే!"

చెప్పేవాణ్ణి. ఏటా అభిమానులు పెట్టే సభలోనూ నేనే చెప్పాలి. పదం చివర అతను తెచ్చే జీర, మధ్యలో ముక్కుతో నవ్వే నవ్వు, అన్నీ నాకు పట్టుబడ్డాయి. సొంతంగా ఒక్క లైను రాసి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. నిజం చెప్పొద్దూ, అతని మీద కోపం వచ్చేది. పోయినవాడి మీద కోపమేమిటని మళ్లీ నా మీద నాకే అసహ్యం వేసేది.

బార్కస్‌లో వాళ్లింటికి మాత్రం వెళ్లడం మానలేదు. ఒక రంజాన్ పండుగ మర్నాడు వెళితే ముందుగదిలో బొంబాయి చుట్టాలు ఇద్దరున్నారు. వాళ్లూ అడిగారు. అలవాటుగా కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. నాలుగు లైన్లయినా కాలేదు, లోపల గిన్నె పడ్డ చప్పుడు. పరదా తోసుకుని వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె ముఖం వెలిగిపోతోంది. నన్ను చూడగానే ఆ వెలుగు ఆరిపోయింది. గుమ్మంలోనే కూలబడింది.

చుట్టాలు మెల్లగా లేచి బయటికి వెళ్లిపోయారు. నేను వెళ్లి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

జామకాయలమ్మే ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెది. నాతో ఎప్పుడూ కష్టపడి అదే మాట్లాడేది.

"నువ్వు మస్తు చెప్తవు బేటా. అచ్చం వాడే," అంది, చున్నీతో కళ్లు తుడుచుకుంటూ. "గందుకే చెప్తున్న, ఇగ చెప్పకు. నువ్వు నోరు తెరిస్తే వాడొచ్చిండనుకుంట. మళ్ల పోతడు."

"తప్పయింది అమ్మీ. చెప్పకపోతే వాణ్ణి మర్చిపోయిన అనుకుంటరని..."

"అనుకోనీ. వాన్ని యాద్ చేసుకునేది నా పని. నీకేం ఫికర్?" నన్ను ఎగాదిగా చూసింది. "వాని సంగతి చాలు. నీ సంగతి చెప్పు. గింత బక్కగైనవేంది?"

అతను పోయిన ఏడేళ్లలో నా సంగతి అడిగిన మనిషి ఆమే. ఆమె ఇచ్చిన సేమ్యాల షీర్ ఖుర్మా గిన్నె ముందు పెట్టుకుని గంటసేపు చెప్పాను. టైపింగుతో వేళ్లు నొప్పులు పుడుతున్నాయనీ, కంప్యూటర్లు వచ్చి మా పని పోయేలా ఉందనీ చెప్పాను. జిరాక్సు షాపులో పనిచేసే అమ్మాయి నచ్చిందనీ, ఆ మాట ఆమెతో అనడానికి నోరు రావడం లేదనీ కూడా చెప్పేశాను.

"గది చెప్పనీకె భీ వాని గొంతే గావాల్నా?" అంది. ఇద్దరం నవ్వాం. బస్సెక్కేసరికి ఒళ్లంతా తేలికైపోయింది.

మరుసటి ఏడు సభ పెట్టేవాళ్లు వచ్చారు. రానన్నాను.

"ఏమైందన్నా, గొంతు ఖరాబైందా?"

"మంచిగనే ఉంది తమ్మీ. ఇగ నేను చెప్ప."

బతిమాలతారనుకున్నాను. వారం తిరక్కుండా మరొకరిని వెతుక్కున్నారు. ఆ కొత్త కుర్రాడు నాకన్నా బాగా చేశాడట. కాస్త చివుక్కుమన్న మాట నిజమే. కానీ సభ జరిగిన ఆ సాయంత్రం నేను జిరాక్సు షాపు ముందు నిలబడి, తడబడుతూ, ఆ అమ్మాయితో చెప్పాల్సింది చెప్పేశాను. ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు గడువడిగింది. ఆ నాలుగు రోజులూ హాయిగా నిద్రపోయాను.