రెండో పేరు

తొంభైల్లో, డిగ్రీ అయ్యాక మిర్యాలగూడలో కంప్యూటర్ కోర్సులో చేరాను. "ప్రోగ్రాములో క్లాస్ అంటే ఇటుకల అచ్చు, ఆబ్జెక్ట్ అంటే అందులోంచి తీసిన ఇటుక. అచ్చు ఒక్కటే అయినా ఏ ఇటుక లెక్క ఆ ఇటుకదే" అని సారు చెప్పారు. ‘స్టూడెంట్’ అనే క్లాస్ రాసి, ఒక ఆబ్జెక్ట్ తయారుచేసి, ఎవరి పేరు వాళ్లు పెట్టుకోమన్నారు.

నేను అలవాటుగా రెండు చేసి రమ, ఉమ అని పెట్టాను. ఉమ నా కవల చెల్లెలు. ఆ ఎండాకాలమే మెదడువాపుతో పోయింది.

సారుకు తెలియదు. "ఒక్కటే చెయ్యమన్న కదమ్మా, రెండోది తీసెయ్" అన్నారు.

అందరి ముందూ బావురుమన్నాను. పక్కమ్మాయి సంగతి చెబితే, "ఉండనియ్ తల్లీ" అన్నారు సారు.

అంతలో కరెంటు పోయి, చేసిందంతా పోయింది. మళ్లీ మొదటి నుంచి టైప్ చేశాను. ఈసారి ఒక్క పేరే రాశాను. ఉమ ఇక లేదని నేను ఒప్పుకున్నది ఆ రోజే.