కార్తీక సోమవారం బొచ్చె పులుసు

ఏ రాజు ఏ యుద్ధంలో ఎందుకు ఓడిపోయాడో ముప్పై ఏళ్ళపాటు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. నా సొంత ఓటమి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఒక బస్సెడు భక్తుల మధ్య, ఒక ముంతెడు పులుసుతో, నా పరువు ఎలా గంగలో కలిసిందో ఇవాళ చెబుతాను. మీరు తప్పకుండా నవ్వుతారు. నవ్వండి, ఆనాడు బస్సులో వాళ్ళు నవ్వినంత మీరు నవ్వలేరు.

యాభైల చివరి రోజులు. నరసరావుపేటలో మిషన్ బడిలో చరిత్ర మాస్టారుగా చేరి రెండేళ్ళయింది, పెళ్ళయి ఏడాది. నా భార్య రూతుకు మూడో నెల. వేవిళ్ళంటే అందరికీ ఉండేవే అనుకున్నాను గానీ ఇరవై రోజులుగా ఆమెకు మెతుకు నిలవడం లేదు. మా అత్తగారు వండినా తోసేస్తోంది, పక్కింటివాళ్ళు పంపినా తోసేస్తోంది. మనిషి సగమైపోయింది. నాకు లోపల భయం పట్టుకుంది. ఒక శనివారం సాయంత్రం, "ఏం తినాలనుంది చెప్పు, ఎక్కడున్నా తెస్తాను," అన్నాను.

కాసేపు కళ్ళు మూసుకుని, "అమరావతి రేవు దగ్గర కోటమ్మ వండే బొచ్చె చేపల పులుసు," అంది.

మా మామగారు పాస్టరు. రూతు చిన్నతనంలో ఆయన అమరావతి పక్కనే ధరణికోటలో ఉండేవారట. అప్పుడు తిన్న పులుసు అది.

"తెస్తాను!" అని లేచాను. మర్నాడు ఆదివారం, గుడి మానేస్తే మామగారు ఊరుకోరు. అందుకని సోమవారానికి సెలవు చీటీ రాశాను. నేను చేసిన ఘనకార్యం ఇదే. మా వీధిలో రోజూ తెల్లవారకముందే గుమ్మాల్లో దీపాలు వెలుగుతున్నా నా తలకాయలో మాత్రం ఏదీ వెలగలేదు. నా లెక్కలో సోమవారమంటే ఆదివారం మర్నాడు, అంతే.

పొద్దున బస్సు కిటకిటలాడుతోంది. ఒక్కరూ ఏమీ తినడం లేదు, అందరి చేతుల్లో చెంబులూ, పొడిబట్టల మూటలూ. 'వీళ్ళూ పులుసుకే కాబోలు, కడుపు ఖాళీ పెట్టుకుని పోతున్నారు. ముందు దిగాలి,' అనుకున్నాను. నిజం చెబుతున్నాను, అలాగే అనుకున్నాను. బస్సు ఆగగానే జనాన్ని తోసుకుని దిగి పరుగెత్తాను. రెండు వేల ఏళ్ళ నాటి స్తూపం పక్కనే ఉంటే, చరిత్ర మాస్టారినయ్యుండి, తల కూడా తిప్పలేదు.

కోటమ్మ పాకలో పొయ్యి చల్లగా ఉంది. ఆమె తడిచీరతో గుమ్మంలో కూర్చుని ఉంది.

"బొచ్చె పులుసు కావాలమ్మా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఇయ్యాలేందో ఎరికేనా అయ్యా?"

"సోమవారం."

"ఏ సోమారం?"

"ఆదివారం తరవాత వచ్చేది."

"కార్తీక సోమారం! చుక్క కనపడిందాకా పచ్చి మంచినీళ్ళు ముట్టం. నీసంటావా, ఈ నెలంతా మా గడప తొక్కదు. పో, పోయి మునిగి రా, పున్నెమన్నా వస్తది."

నేను మెట్టు మీద చతికిలబడ్డాను. "పులుసు లేకుండా కదలనమ్మా."

"కూకో. నెలాఖరు దాకా కూకో."

అప్పుడు రూతు సంగతి చెప్పాను. కోటమ్మ గబుక్కున లేచింది.

"కడుపుతో ఉన్న పిల్ల అడిగిందా? లేదనగూడదు. పుట్టే బిడ్డకి చెవులు కారతయ్యి. ఒరేయ్ మస్తానూ!"

ఎదురింట్లోంచి పడవ నడిపే మస్తాను బయటికొచ్చాడు. వాళ్ళు ముస్లిములు, కార్తీకం పట్టింపు లేదు; ఇంట్లో పొయ్యి ఉంది, పొద్దున పట్టిన బొచ్చె ఉంది, ఆడవాళ్ళు మాత్రం పెళ్ళికి పోయారు.

"మరి వండేదెవరు?" అన్నాను.

"నువ్వే," అంది కోటమ్మ. "పొయ్యి ఆళ్ళది, చెయ్యి నీది, మాట నాది. నాకు ఉపాసం తినటానికేగాని చెప్పటానికి కాదు."

అంతవరకూ నేను కాఫీ కూడా కాచి ఎరగను. మస్తాను వాకిట్లో పొయ్యి ముందు నేను, సందుకు అవతల ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కోటమ్మ.

"ఉల్లిపాయలు ఎర్రబడినియ్యా?"

"నల్లబడ్డాయమ్మా!"

"దించు, దించు! చింతపండు పులుసు పొయ్యి! గంటె పెట్టబాకు, ముక్క చిదిగిపోద్ది! దాక పట్టుకుని తిప్పు!"

దాకకు బదులు నేనే తిరిగాను. చెయ్యి కాలింది, పంచె అంచు అంటుకోబోతే మస్తాను చెంబెడు నీళ్ళు కుమ్మరించాడు. రేవులో స్నానం చేసి వచ్చేవాళ్ళు ఆగి మరీ చూశారు. అయినా వదల్లేదు. మధ్యాహ్నం మూడింటికి పులుసు అయింది. మస్తాను రుచి చూసి, "పర్లేదు మాస్టారూ, చేపలాగే ఉంది," అన్నాడు. ముంతలో పోసి, పైన అరిటాకు కప్పి, కోటమ్మ చెప్పినట్టు నారతో బిగించి కట్టాను.

బస్సెక్కితే లోపలంతా విభూతి నుదుళ్ళు, ఎండిపోయిన పెదవులు. కండక్టరు నా ముంత చూసి, "ఏందయ్యా అది?" అన్నాడు.

నిజం చెబితే దింపేస్తాడని భయం వేసింది. "తీర్థం," అన్నాను. పాస్టరుగారి అల్లుణ్ణి, ఆ మాటన్నాను!

పక్కన కూర్చున్న ముసలమ్మ వెంటనే ముంతను కళ్ళకద్దుకుంది. "పున్నెవంతుడివి నాయనా. నా చెంబు రేవులోనే ఒలికిపోయింది."

బస్సు కదిలిన అరగంటకు వెనక నుంచి ఎవరో, "ఏందీ నీసు వాసన?" అన్నారు.

"కృష్ణ మీంచి గాలి కదండీ, చేపల వాసన వస్తుంది," అన్నాను.

"కృష్ణ పది మైళ్ళు ఎనకపడింది గదయ్యా!"

"గాలి బస్సుతో పాటే వస్తోంది," అన్నాను. అబద్ధమాడడం కూడా వంటలాగే నాకు ఆ రోజే మొదలు.

పొద్దుగూకింది. నరసరావుపేట ఇంకా కొంత దూరముండగా డ్రైవరు పొలాల పక్కన బస్సు ఆపాడు, అతనిదీ ఉపవాసమే. అందరూ దిగి ఆకాశం చూశారు. "అదుగో చుక్క!" అన్నారెవరో. ముసలమ్మ నా ముందుకొచ్చి దోసిలి పట్టింది.

"రెండు చుక్కలు పొయ్యి నాయనా, ఉపాసం ఇడుస్తా."

"అది... పెద్దమ్మా... ఇది ఇంటికండీ."

"రెండు చుక్కలకేం తరిగిపోద్ది?"

ఆమె వెనక ఇంకో అయిదారు దోసిళ్ళు వరసకట్టాయి. నేను ముంతను గుండెలకు హత్తుకున్నాను. కండక్టరుకు ఒళ్ళు మండింది. "పొద్దున్నించి మంచినీళ్ళు ముట్టని ముసలామెకి గుక్కెడు తీర్థం పొయ్యవా? నువ్వేం మనిషివయ్యా!" అని ముంత పట్టుకు లాగాడు. నేను ఇటు లాగాను. అరిటాకు చిరిగింది. సగం పులుసు నా చొక్కా మీదుగా కారింది, ఒక బొచ్చె ముక్క మాత్రం నిదానంగా జారి ముసలమ్మ పాదాల ముందు పడింది.

ముసలమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. "ఇదేం తీర్థం నాయనా?"

చచ్చిపోదామనిపించింది. "తప్పయిపోయింది పెద్దమ్మా. నా భార్య కడుపుతో ఉంది. ఇరవై రోజులుగా ఏదీ నిలవడం లేదు. ఇదొక్కటే తింటానంది," అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పులుసు ఘాటుకు కాదు.

"కడుపుతో ఉన్న పిల్లకా? ఆ మాట ఎక్కేటప్పుడే చెప్పి ఏడవచ్చుగా! తీర్థమని నా కళ్ళకద్దిస్తివే!" అని నోరారా తిట్టి, పక్కావిడ చెంబులోంచి నీళ్ళు పుచ్చుకుని ఉపవాసం విడిచింది. తరవాత డ్రైవరు మీద పడింది. "ఏంది చూస్తన్నావు? ఆ పిల్ల ఆకలితో ఉంటది. ఇంకెక్కడా ఆపబాకు, పోనియ్!"

అప్పుడు మొదలయింది నవ్వు. పేట చేరేదాకా ఆగలేదు. ముందు సీటంతా నా ఒక్కడికే ఇచ్చారు. గౌరవం కొంత, వాసన కొంత.

ఇంటికొచ్చి, మిగిలిన రెండు ముక్కలూ పులుసూ అన్నంలో వేసి రూతు ముందు పెట్టాను. మొదటి ముద్ద మింగింది. నేను ఊపిరి బిగబట్టాను. నిలిచింది. రెండోదీ నిలిచింది. కంచం ఖాళీ అయ్యేసరికి నాకు ఏడుపొచ్చింది.

రూతు వేళ్ళు నాకుతూ, "ఇది కోటమ్మ చేతి రుచి కాదే. ఎవరు వండారు?" అంది.

అప్పుడే బస్సులో బుద్ధొచ్చినవాణ్ణి గదా, ఇక అబద్ధమన్నది నోట రాకూడదనుకున్నాను. "నేనే వండాను," అన్నాను, ఛాతీ విరుచుకుని.

"మీరా?" రూతు కళ్ళు మెరిశాయి. "అయితే రేపటి నుంచి మీరే వండండి. మీ చేతి వంటే నాకు నిలుస్తోంది."

మా పెద్దమ్మాయి పుట్టిందాకా వండాను. ఆ తరవాత ఇద్దరు పుట్టిందాకా కూడా వండాను. మసి పట్టిన ఈ చేతిని బైబిలు మీద పెట్టి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో బస్సులో అబద్ధం ఆడను, ఇంట్లో నిజం చెప్పను.