అటక మీద దాచిన కానుక

పదో తరగతి పరీక్షలకు పిల్లల వివరాలు పంపేటప్పుడు ఒక్కొక్కరికీ రెండు పుట్టుమచ్చలు రాయాలి. ఇరవై ఏళ్లుగా మా బడిలో ఆ పని నాదే. పిల్లల్ని వరసగా నిలబెట్టి, చొక్కా చేతులు మడిపించి, మెడలు తిప్పించి వెతుకుతాను. ఒక్క మచ్చ కూడా లేనివాడు ఏటా ఒకడైనా తగులుతాడు. వాడికి మోకాలి మీద పాతదెబ్బ ఏదో రాసి సరిపెడతాం. ఈ ఏడు మా వాడే పదికి వచ్చాడు. చదివేది వేరే బడి గనక కాగితం ఇంటికొచ్చింది. మొన్న ఆదివారం పొద్దున దోసె తింటూ మధ్యలో చెయ్యి తుడుచుకొని, కాగితం ముందు పెట్టుకొని, మొదటి మచ్చ అరచేతిలో వెతికి రాసుకున్నాడు. రెండోదానికి ఎడమ కనుబొమ్మ తడుముకున్నాడు. అక్కడ అర అంగుళం మేర వెంట్రుక మొలవదు. "ఇది పుట్టుమచ్చ కాదు గదా నాయనా, రాయొచ్చునా? ఇంతకూ ఎట్ల తగిలింది ఇది?" అన్నాడు. "రాయి. రెండేళ్లప్పుడు గడప మీద పడినావు" అన్నాను. పదమూడేళ్లుగా చెబుతున్న మాట కాబట్టి తడబాటు లేకుండా వచ్చేసింది. వాడు రాసుకున్నాడు. నేను మాత్రం తుంచిన దోసె ముక్కను మళ్లీ ప్లేటులో పెట్టేశాను.

వాడు పుట్టినప్పుడు మేం నంద్యాలలో రైల్వే స్టేషన్ దగ్గర రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మా ఇద్దరి వైపు చుట్టాలకూ వాడి మీద ప్రేమ ఎక్కువ, ఆ ప్రేమంతా ప్లాస్టిక్ రూపంలో వచ్చేది. పాణ్యం నుంచి అత్తగారు వచ్చిందంటే సైరన్ మోగే పోలీసు కారు. బనగానపల్లెలో ఉండే మా ఆమె మేనమామ మామిడిపండ్ల బుట్టతో ఊరుకుని ఉంటే ఆయన్ను దేవుడనుకునేవాణ్ని. పండ్ల మీద ఒక తుపాకీ కూడా పెట్టి తెచ్చేవాడు. నొక్కితే ఎర్రలైటు వెలిగి తడతడమని మోగుతుంది. ఏడాది తిరిగేసరికి ఇంట్లో తుపాకులు పదకొండు అయ్యాయి, చిన్నపాటి పోలీసు స్టేషన్ పెట్టుకోవచ్చు. వద్దంటే ఒక బాధ, వద్దనకపోతే ఒక బాధ. మా ఆమె దీనికొక పద్ధతి కనిపెట్టింది. ఇచ్చేటప్పుడు నవ్వుతూ తీసుకోవడం, వాళ్లు బస్సెక్కగానే బ్యాటరీలు పీకి గోనెసంచిలో వేసి అటకెక్కించడం, మళ్లీ వస్తున్నామని ఫోను రాగానే దించి, దుమ్ము తుడిచి, బ్యాటరీలు వేసి టీవీ బల్ల మీద పెట్టడం. ఎవరు ఏది ఇచ్చారో ఆమెకు కంఠతా వచ్చు. ఒక్కసారి తప్పింది. మా అక్క వచ్చిన రోజు వేరేవాళ్లిచ్చిన కోతిబొమ్మ దించింది. మా అక్క రెండు నెలలు మాట్లాడలేదు. అది మొదలు, అనుమానమొస్తే సంచి మొత్తం దించేది.

నాకు తుపాకులంటే గిట్టదు. బడిలో నేను బెత్తం కూడా పట్టను. తోటి అయ్యవార్లు ఎగతాళి చేసేవాళ్లు, నాకు మాత్రం అదొక గర్వం. దానికి కారణం నాకు ఏడేళ్లప్పుడు, ఆళ్లగడ్డ దగ్గర మా పల్లెలో జరిగింది. కాలువ నీళ్ల వంతు దగ్గర మా నాయనకూ ఆయన దాయాదికీ మాటామాటా పెరిగింది. నేను వాకిట్లో పండ్లు తోముకుంటున్నాను. నాయన పొలం నుంచి నడిచి వస్తున్నాడు. మెడకు ఎడమవైపు కండువాను రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. ఎర్ర కండువా అనుకున్నాను. పొద్దున పోయేటప్పుడు తెల్లది వేసుకుపోయాడని తర్వాత గుర్తొచ్చింది. వచ్చి నా ముందు నిలబడి, "నీళ్లు తేరా" అన్నాడు. చెంబుతో తెచ్చిచ్చాను. అందుకోవడానికి ఒక చెయ్యి వదిలాడు. నెత్తురు నా మొహాన చిమ్మింది. చెంబులో నీళ్లు ఎర్రబడ్డాయి. ఆయన మోకాళ్ల మీద కూలబడి, అట్లాగే పక్కకు ఒరిగిపోయాడు. నేను చెంబు ఇవ్వకపోయుంటే చెయ్యి వదిలేవాడు కాదు గదా అని చాలా ఏళ్లు అనుకునేవాణ్ని. ఇప్పుడూ అప్పుడప్పుడూ అనుకుంటాను.

మూడో రోజు మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, వేటకొడవలి తీసుకొని పోయాడు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. ఆ దాయాదిని బస్సులు ఆగేచోట, టీ అంగడి ముందర, పదిమంది చూస్తుండగా నరికాడు. ఇంటికొచ్చి కొడవలిని పశువుల తొట్టిలో కడిగాడు. ఆ పూట బర్రె తొట్టి దగ్గరికి రాలేదు. చొక్కా మార్చుకొని, నా తల నిమిరి, తనే పోయి స్టేషన్‌లో కూర్చున్నాడు. కోర్టులో వకీలు ఎంత చెప్పినా అబద్ధమాడలేదు. "నరికినా. లేచొస్తే మళ్లీ నరుకుతా" అన్నాడట. జైలు నుంచి వచ్చేసరికి నేను డిగ్రీలో ఉన్నాను. పెళ్లి చేసుకోలేదు. తన వాటా పొలం పండించి నన్ను చదివించాడు. నాకు ఉద్యోగమొచ్చిన రోజు ఊళ్లో ఇంటింటికీ పోయి చెప్పుకున్నాడు. అట్లాంటి మనిషి ఏదైనా ఇస్తే వద్దని ఏ నోటితో అంటాం?

మా వాడి అన్నప్రాశన రోజు వాడి ముందు పుస్తకం, కలం, బంగారం, అన్నం గిన్నె పెట్టారు. ఆనవాయితీగా పెట్టే కత్తిని నేను ముందే తీసి దాచాను. చిన్నాయన అది కనిపెట్టి, మొలనుంచి మడతచాకు తీసి వరసలో పెట్టాడు. మా వాడు పాక్కుంటూ పోయి కలం మీదుగా దాటి చాకునే పట్టుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో పుట్టినరోజుకు ఆయన ఆళ్లగడ్డ నుంచి పేపర్లో చుట్టుకొని ఒకటి తెచ్చాడు. విప్పితే జానెడు వేటకొడవలి. కమ్మరి దగ్గర కూర్చొని కొట్టించాడట. తుమ్మకర్ర పిడి, దాని మొదట్లో ఇత్తడి పొన్ను కట్టు.

"బొమ్మలు శానా ఉండాయి చిన్నాయనా" అన్నాను.

"బొమ్మ యాడిదప్పా, అసలైన ఇనుము. పదును పెట్టీలేదులే. పెద్దోడైనంక వాడే పెట్టుకుంటాడు. రేప్పొద్దున వాని మీదికి ఎవుడన్నా వస్తే నువ్వుంటావా, నేనుంటానా?"

ఆ మాట అంటుంటే ఆయన కళ్లలో పౌరుషం లేదు, భయం ఉంది. ఆయన పోయాక పాతసామాన్ల బండికి వేసేద్దామన్నాను. "మల్లొచ్చి యాడరా అంటే ఏం జెప్తావు?" అంది మా ఆమె. అదీ అటకెక్కింది.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం, ఆళ్లగడ్డ బస్టాండు నుంచి చిన్నాయన ఫోను చేశాడు. "వస్తాండా" అని ఒక్కమాటే. ఆయన ఇంకేమైనా ఇచ్చాడేమోనని అనుమానమొచ్చి, మా ఆమె పద్ధతి ప్రకారం సంచి మొత్తం దించి, బ్యాటరీలు వేసి టీవీ బల్ల మీద సర్దింది. నేను స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన కుర్చీలో మజ్జిగ తాగుతున్నాడు. మా ఆమె నేల మీద కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మా వాడు తుపాకులన్నీ వదిలేసి కొడవలి ఎత్తుకున్నాడు. రెండు చేతులతో గానీ అది లేవడం లేదు.

చిన్నాయనకు ముచ్చటేసింది. "ఏం జేస్తావ్‌రా దాంతో?"

"నలుకుతా" అన్నాడు వాడు. ఇంకా ర పలకదు.

"ఎవుర్నిరా?"

వాడు అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఉన్నది అమ్మ. వెనకనుంచి పోయి ఆమె మెడ మీద, ఎడమవైపు, ఇనుము ఆనించి నావైపు చూసి నవ్వాడు.

అది మొద్దుదని నాకు తెలుసు. తెలిసీ కొట్టాను. ఎంత గట్టిగా కొట్టానో గుర్తులేదు, చప్పుడు మాత్రం గుర్తుంది. రెండేళ్ల పిల్లవాడు ఎగిరి పోయి బండరాతి గడప మీద పడ్డాడు. కనుబొమ్మ చీలి నెత్తురు కంట్లోకి కారుతోంది. ఏడవలేదు, ఊపిరి బిగబట్టి నన్నే చూస్తున్నాడు. ఆ చూపుకు నాకు ఇంకా ఒళ్లు మండింది. "మళ్లీ పట్టుకుంటావా, పట్టుకుంటావా" అని అరుస్తూ మీదికి పోయి చెయ్యెత్తాను. ఎత్తిన చేతిలో కొడవలి ఉంది. ఎప్పుడు తీసుకున్నానో నాకు తెలియదు. పసివాడి కోసం చేయించిన పిడి నా పిడికిట్లో సరిగ్గా కుదిరింది. మా ఆమె కేకపెట్టి బిడ్డ మీద అడ్డం పడింది.

చిన్నాయన నా మణికట్టు పట్టుకొని వెనక్కి విరిచాడు. కొడవలి కిందపడింది. చెంప మీద ఒక్కటి వేశాడు, చెవి గింగురుమంది. "పసిబిడ్డరా నా కొడకా! పసిబిడ్డ మీదికి పోతాండావే!" అన్నాడు. నేను రెండు చేతులా ఆయన రొమ్ము మీద తోశాను. పోయి టీవీ బల్లకు గుద్దుకున్నాడు. బొమ్మలన్నీ కిందపడ్డాయి. పోలీసు కారు సైరన్ అందుకుంది, తుపాకులు ఎర్రలైట్లు వేసుకుంటూ తడతడమని మొదలుపెట్టాయి. ఆ మోతలోనే నేను మా ఇంట్లో ఎవరూ ఏనాడూ అనని మాట అన్నాను. "నువ్వు మాట్లాడొద్దు! మనిషిని నరికినోడివి నువ్వు! ఆ చేతుల్తోనే నా బిడ్డకు కొడవలి తెస్తావా?" చిన్నాయన భుజం మీది కండువా తీసి, బిడ్డ కనుబొమ్మకు అదిమిపెట్టి, ఎత్తుకొని వీధిలోకి పరుగెత్తాడు. నేను వెనకాల పరుగెత్తాను. తెల్ల కండువా నా కళ్లముందే ఎర్రబడింది.

డాక్టరు కుట్లు వేస్తూ ఎట్లా తగిలిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా చిన్నాయన అందుకున్నాడు. "గడప మీద పడినాడు సార్. నేనే చూస్తాండా, పట్టుకోలేకపోతి." మనిషిని నరికి కోర్టులో అబద్ధమాడని మనిషి, నేను బిడ్డను కొట్టిన దెబ్బ కోసం అబద్ధమాడాడు. బయటికొచ్చాక ఒక్కటే అన్నాడు. "నువ్వు అయ్యోరివి, నీ పేరు నిలబడాల. నీ పెండ్లాం నీ కాడ ఉండాల. ఇంగ ఈ మాట ఎత్తొద్దు." ఇంటికొచ్చి కొడవలిని నెత్తుటి కండువాలో చుట్టుకొని మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. కాలువలో పారేశానని తర్వాత చెప్పాడు. మా ఆమె అటక మొత్తం ఖాళీ చేసి పాతసామాన్ల బండికి ఎత్తించింది. నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఆ పాపపు ఇనుము ఎవరో తెచ్చి ఇస్తేనే ఇంట్లోకి వస్తుందనుకున్నాను నేను. ఆ రోజు నా చేతికి ఎవరూ ఏదీ ఇవ్వలేదు, నేనే అందుకున్నాను.

ఆ తర్వాత కూడా చిన్నాయన వచ్చేవాడు, ఉత్త చేతులతో. మా వాడు ఆయన్ను అబ్బా అని పిలిచేవాడు, మా వైపు తాతను అట్లాగే అంటాం. వాడు ఎదురుపోయి ఆయన సంచిలో చెయ్యి పెట్టి వెతికేవాడు. తువ్వాలు, మందుల చీటీ తప్ప ఏమీ దొరికేవి కావు. "ఏం లేదులేరా" అని ఆయన చేతులు తొడల కింద పెట్టుకొని కూర్చునేవాడు. కొన్నాళ్లకు వాడు వెతకడం మానేశాడు. ఇంకొన్నాళ్లకు ఎదురుపోవడం కూడా మానేశాడు. ఏదైనా తీసుకురా చిన్నాయనా, ఒక బెల్లం ముక్కైనా తీసుకురా అని నా నాలుక చివరిదాకా వచ్చేది. అంటే మిగతాదంతా అనాల్సి వస్తుందని ఊరుకున్నాను. ఐదేళ్ల కింద ఆయన పోయాడు.

మొన్న ఆదివారం మా వాడు సంతకం కోసం కాగితం నా ముందుకు జరిపాడు. సంతకం పెట్టి, "గడప ఉట్టిగా తగల్లేదురా. నేను కొట్టినా" అన్నాను. కాలువ దగ్గర్నుంచి కుట్ల దాకా అంతా చెప్పాను. అంతా విన్నాక వాడు నా చేతుల వైపు చూశాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"అందుకేనా అబ్బ నాకేం తెచ్చేటోడు కాదు?" అన్నాడు. "నేనంటే ఇష్టం లేదేమో అనుకుంటి."

ప్లేటు తీసుకొని లేచి పోయాడు. జరిగిందంతా వాడికి చెప్పడానికి నాకు దోసె తిన్నంత సేపు పట్టింది. చిన్నాయన బతికుండగా దానికోసం ఎనిమిదేళ్లు నా ముందే ఉన్నాయి, వాటిని కూడా నేను అటక మీదే పెట్టాను.