గంగమ్మ పళ్లెంలో కుంకుమ

మా వైపు పాత ఇళ్లలో చెక్క పలకల మీద వేసిన అమ్మవారి బొమ్మలు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిని వేసినావిడ నేను పుట్టడానికి చాలా ముందే పోయింది. ఆమెది ఇందుకూరుపేట దగ్గర పల్లె. చిన్నతనంలోనే భర్త పోతే తల గొరిగించి, తెల్లచీర కట్టించి పుట్టింటి వసారాలో కూర్చోబెట్టారట. అక్కడే బొమ్మలు వేసి బతికింది. కొనేవాళ్లకు ఆమె పనితనం కావాలి, ఆమె చేత్తో దిద్దిన బొట్టు మాత్రం పనికిరాదు. అందుకని అమ్మవారి నుదురు ఖాళీగా వదిలేసేది. బొమ్మ ఇంటికి చేరాక ఎవరో ఒక ముత్తయిదువ ఆ బొట్టు దిద్దేది. దగ్గరగా చూస్తే చీర ఎరుపు వేరు, బొట్టు ఎరుపు వేరు.

నేను నెల్లూరు నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాస్తున్న రోజుల్లో మైపాడులో ఒక తెలుగు మాస్టారు ఆమె జీవితాన్ని నాటకంగా రాశారు. గంగమ్మ తిరణాలలో ఆడించాలని ఆయన కోరిక. ఇళ్లలోని ఆడవాళ్లు స్టేజీ ఎక్కే కాలం కాదు. నాటకాల కంట్రాక్టరు ద్వారా నెల్లూరు నుంచి ఒక నటిని పిలిపించారు. ముప్పై దాటిన మనిషి, నుదుట పెద్ద బొట్టు. భర్త హార్మోనియం వాయిస్తాడనీ, మద్రాసులో ఉన్నాడనీ చెప్పింది. ఇద్దరు పిల్లలకు ఆమె వేషాలే కూడు.

రిహార్సలు చూడడానికి వెళ్లిన రోజున తిరణాల పెద్ద, నాలుగు పడవల ఆసామి, మాస్టారితో వాదిస్తున్నాడు.

"మర్నాడు పడవలు నీళ్లలోకి దించాల. ముందురోజే బోడితల ఎదురొస్తే ఎట్ల మాస్టారూ? పట్టుచీర కట్టించు, ఇంత జడ పెట్టించు."

"అట్ల చేస్తే ఆమె ఆమె కాదన్నా, మీ మరదలవుతుంది."

అందరూ నవ్వారు, పెద్దాయన కూడా. చివరకు రాజీ కుదిరింది. విధవ వేషం వేసిన నటికి తెర దిగగానే ముత్తయిదువ చేత బొట్టు పెట్టించి దోషం తీయడం నాటకాల వాళ్లలో ఎప్పుడూ ఉన్నదే. తెర వెనక తమలో తాము కానిచ్చేస్తారు. ఇక్కడ మాత్రం జనం ఎదుట, గంగమ్మ గుడి పళ్లెంతో, పెద్దాయన భార్యే పెట్టాలన్నారు. అది విని నటి మాస్టారిని పక్కకు పిలిచి, ఎప్పటిలాగే తెర వెనక మామూలు కుంకుమతో చాలదా అని అడిగింది. సిగ్గుపడుతోందనుకున్నారాయన. పెద్దాయన మాట తీసెయ్యలేనన్నారు.

పొద్దు గుంకగానే నాటకం మొదలైంది. సముద్రపు గాలికి తెర కొట్టుకుంటోంది. చివరి రంగంలో ముసలిదైన చిత్రకారిణి ఇక ఎవరికీ అమ్మని బొమ్మ ముందు కూర్చుని, కుంచె ముంచి, అమ్మవారి నుదుట తానే బొట్టు దిద్దుతుంది. నటి కుంచెను నుదుటి దాకా తెచ్చి ఆగి, తర్వాత దిద్దింది. అది నటన అనుకున్నాను. అప్పటిదాకా బోడితల చూసి గొణుక్కున్న జనం మెడలు చాచి చూశారు.

తెర దించలేదు. పెద్దాయన భార్య పళ్లెం పట్టుకుని స్టేజీ ఎక్కింది. కుంకుమలో వేలు అద్ది చెయ్యి చాచేసరికి నటి ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాకు పెట్టగూడదమ్మా. మా ఆయన పోయి ఏడాది దాటింది."

"మరి పొద్దున బొట్టుతోనే ఉంటివే?"

"అది ఉత్త రంగు, అమ్మా. పొట్ట కోసం పెట్టుకునింది. ఇది అమ్మవారిది."

ఆవిడ వేలికి అంటిన కుంకుమను పళ్లెం అంచుకు తుడిచి దిగిపోయింది. ఎవరూ నటి మీద చెయ్యి చేసుకోలేదు. తిట్టినవాళ్లు కూడా తక్కువే. ఆమెను తగలకుండా దూరంగా జరిగి వెళ్లిపోయారు. మర్నాడు పడవలు దిగలేదు. గంగమ్మకు మళ్లీ పూజ చేసి గాని దించలేదు.

తెల్లవారి తొలి బస్సులో ఆ నటితో పాటు నేనూ ఉన్నాను. ఆమె పక్క సీటు నెల్లూరు దాకా ఖాళీగానే వచ్చింది. బోసి నుదురు కిటికీకి ఆనించి కూర్చుంది. దిగేముందు నాతో, "చివరి సీను బాగా రాసినారని మాస్టారికి చెప్పండయ్యా. ఇంక నన్నెవురూ పిలవరు" అంది. అంతే అయింది. తెలిసీ ఆమె చేత ముత్తయిదువ వేషం కట్టించేవాళ్లు లేరు. విధవ వేషాలకూ, చివర బొట్టు పెట్టాలి గనక, ముత్తయిదువే కావాలి. ముత్తుకూరు దగ్గర వడ్ల మిల్లులో బియ్యం చెరుగుతోందని కొన్నాళ్లకు కంట్రాక్టరే చెప్పాడు.

అరవైలలో ఆ నాటకాన్ని నెల్లూరులో మళ్లీ ఆడారు. ఆ వేషం ఈసారి ఒక మగవాడు కట్టాడు. బాగా చేశాడు. నాటకం ముగియగానే ఒక ముత్తయిదువ పళ్లెంతో స్టేజీ ఎక్కింది. అతను తల వంచాడు. ఆ బోడితల నుదుట ఆవిడ నిండుగా బొట్టు పెట్టింది. జనం హాయిగా చప్పట్లు కొట్టారు.