తేరు గుర్తు డబ్బా

ఉరుకుందమ్మవ్వతో నాకు వారం నుంచి ఒకటే పోరు. నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను. ఎన్నికలొస్తే ఓట్ల పని కూడా నా నెత్తినే పెడతారు. బాగా ముసలివాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేయిస్తామన్నారు. మా నేతగాళ్ల వీధిలో అందరికన్నా పెద్దది ఈ అవ్వే. చేతులు ఇప్పటికీ కండెలకు నూలు చుడతాయి, కాళ్లే లేవవు.

"నాకొద్దు పోమ్మా. నేను ఓటు ముట్టుకొని శానా కాలమాయె," అంటుంది.

"నీ ఒక్కదాని వల్ల ఆఫీసులో నాకు చీవాట్లు పడతాండాయి. ఎందుకొద్దో చెప్పి సావు!" అని అరిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, వీధి మొత్తానికి తెలిసిందే.

అప్పుడు చెప్పింది. ఆమె కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా పడమటి ఊళ్లన్నీ కలిపి వేరే పార్లమెంటు సీటు ఉండేదట. తర్వాత అది రద్దయింది. ఆ సీటుకు అవ్వ మగని అన్న బసవన్న నిలబడ్డాడు. మగ్గం గుంతలోంచి లేచి నేరుగా పోయి నామినేషన్ వేసిన మనిషి. గుర్తు తేరు. అప్పట్లో నిలబడిన ఒక్కొక్కరికి ఒక్కో డబ్బా. గుర్తు చూసుకుని చీటీ ఆ డబ్బాలో వేసి రావాలి. వీధి ఆడవాళ్లకు నేర్పే పని అవ్వకు అప్పజెప్పారు. అవ్వకు మాత్రం ఎవరూ సరిగ్గా నేర్పలేదు.

"దేవుని తేరులోకి చెయ్యి దూరుస్తామా ఎవురన్నా? ముందర పెట్టి మొక్కుకొని రాండి అని నేనే చెప్పినా. అందరం చీటీ, పూలు డబ్బా మింద పెట్టి దండం పెట్టుకొని వచ్చినాం. బయట పెట్టింది చెల్లదంట. ఆ మాట తెలిసేసరికి అంతా అయిపోయినాది."

నాకు నవ్వు ఆగలేదు. అవ్వ ముఖం తిప్పుకుంది. తప్పు సర్దుకుందామని ఫోను తీసి ఆ సీటు పాత ఫలితాలు వెదికాను. బసవన్న చిట్టచివర ఉన్నాడు.

"చూడవ్వా, మన వీధి ఓట్లన్నీ పడినా ఆయప్ప గెలిచేటోడు కాదు. ఊరికే మనసు పాడు చేసుకున్నావు."

"గెలవడని ఆ పొద్దే తెలుసులేమ్మా. ఓట్లు ఎంచే తావుకు మా బావ పోయినాడు. ఆడోళ్ల బూత్‌లో తేరు డబ్బా తెరిస్తే ఉత్తదే. సొంత మరదలు కూడా ఎయ్యలేదనుకున్నాడు. ఇంటికొచ్చినాక నేను పెట్టిన రొట్టె ముట్టలేదు."

"జరిగింది చెప్పాల్సింది కదా!"

"బావ ముందర నోరు తెరిచే కాలమా అది? మా ఆయనకన్నా చెప్పింటే సరిపోయేది. ఊరంతా నవ్వుతాదని గమ్మునుండిపోయినా. బావ సోలాపురం మిల్లుకు పోయినాడు. మళ్లా ఈ వీధి తొక్కలేదు, ఆడనే సచ్చిపోయినాడు. నేను ఎయ్యలేదనుకొనే పోయినాడు నాగలతా."

ఇందాకటి నా నవ్వు తలచుకుంటే సిగ్గేసింది. కాగితాలు సంచిలో పెట్టుకుని లేచాను. గడప దాటుతుంటే అవ్వే పిలిచింది.

"రమ్మను ఆ ఓట్లోళ్లను," అంది.

వాళ్లు వచ్చిన రోజు అవ్వ తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని మంచం మీద కూర్చుంది. ఓటు గుర్తు పెట్టి కవరు అంటించింది. అధికారి డబ్బా ముందుకు జరిపాడు. కవరును డబ్బా మూత మీద పెట్టి, రెండు చేతులూ ఎత్తబోయింది.

"అవ్వా!" అన్నాను.

ఉలిక్కిపడి కవరు తీసింది. సందు వెదుక్కుని తోసింది. సగం పోయి ఆగింది. సాయం చేద్దామని అధికారి చెయ్యి చాచాడు.

"నువ్వు ముట్టుకోవద్దప్పా," అని కసిరి, వేలితో తనే నొక్కింది. లోపల చప్పుడైంది.

"పడిందా?"

"పడింది అవ్వా."

అవ్వ గోడవైపు తిరిగి, కొంగు తల మీదికి లాక్కుంది.

"బావా," అంది. "ఆ పొద్దూ నీకే ఏసినా."